రంగు మేత

మంగళవారం పొద్దున ఆదెప్ప ఇంటి పెట్ట కూసింది.

అంజినమ్మ అప్పుడు తొట్ల దగ్గర గొంతుక్కూర్చుని చేపల మేత పిసుకుతోంది. చెనిక్కాయ చెక్క పొడి, తవుడు, ఎండుచేపల పొడి, రెండు కోడిగుడ్లు. వాటి మీద సీసాలోని మందునీళ్లు పోసి ముద్దగా కలిపి, జల్లెడ మీద వేసి అరచేత్తో రుద్దితే కింద పరిచిన పట్టా మీద ఆవగింజలంత పలుకులు రాలతాయి. నీడన ఆరబెడితే అదే మేత. సారాయి వాసన వేసే ఆ మందునీళ్లు చేతికి చల్లగా తగిలి ఇట్టే ఆరిపోతాయి. ఆ మందు వచ్చినప్పటినుంచి, మూడు నెలలుగా రోజూ చేస్తున్న పని. ఆమె చూడకపోయినా చేతులు వాటంతటవే తిరుగుతాయి.

కూత విని తలెత్తింది. ఈ ఇంట్లో పుంజు లేదు, ఉన్న ఒక్కదాన్నీ పోయిన పరస జాతరకే కోసేశారు. కొట్టం గోడ మీద నిలబడి, మెడ నిక్కించి, పొట్టిపెట్ట మళ్లీ కూసింది. సగంలో గొంతు విరిగి కీచుమని ఆగిపోయింది.

ఆదెప్ప భార్య తిమ్మక్క చేతిలో చేటతోనే బయటికి ఉరికొచ్చింది.

"ఓయమ్మో, పెట్ట కూసిందే! కడుపుతో ఉండే కోడల్ని పెట్టుకోనుంటే ఇదేం అరిష్టమమ్మా! పట్టుకో అంజినమ్మా దాన్ని. మధ్యాన్నానికి కోసేయల్ల."

అంజినమ్మ నాలుగు పలుకులు చల్లింది. పొట్టిపెట్ట గోడ దిగి, అలవాటుగా ఆమె మోకాలి పక్కకు వచ్చింది. రోజూ జల్లెడ కింద చెదిరినవి ఏరుకు తినేది అదే. రెక్కలు ఒడిసి పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. దాని తల మీదికి చూపు పోయి అక్కడే ఆగింది. గోరంత ఉండవలసిన తురాయి పుంజుకు ఉన్నట్టు నిటారుగా లేచి, చెయ్యి పెడితే వేడిగా ఉంది.

"ఇది గుడ్డు పెట్టి ఎన్నాళ్లాయ తిమ్మక్కా?"

"నెలన్నరాయ. కడమ రెండూ పెడతానే ఉండాయి. దీనికేం రోగమో."

కడమ రెండూ పెరటి గుమ్మం దాటి ఇటు రావు. తొట్ల దిక్కు తిరిగేది ఇదొక్కటే.

"కోయద్దక్కా. నాకియ్యి, మా ఇంటికి తీసకపోతా. కూస్తే మా ఇంట్లో కూస్తాది."

"నీకు మాత్రం అరిష్టం కాదేమే?"

"మా ఇంట్లో అరిష్టానికి ఏం దొరుకుతాదిలే" అని నవ్వింది అంజినమ్మ. నవ్వు బొంగురుగా, మగ గొంతుతో వచ్చింది. రెండు నెలలుగా అలాగే వస్తోంది. తవుడు దుమ్మనుకుంది, మిరియాల కషాయం తాగింది, తగ్గలేదు. ఆ నవ్వు తన చెవికే తగిలి ఆమె ఠక్కున ఆపేసింది. ఒళ్లోని కోడి కొక్కొరమంటూ గొణిగింది. ఆ గొంతూ అంతే.

ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ముట్టు నిలిచి రెండు నెలలు దాటింది. మొగుడు దాసన్న బెంగళూరులో కాంక్రీటు పనికి పోయి నాలుగు నెలలు. కడుపు కాదని ఆమెకు తెలుసు. కానీ ఆ మాట నోరు దాటితే ఈ నిడుగల్లు ఊళ్లో నమ్మేదెవరు?

బుధవారం పగలు పదకొండు గంటలకు బెంగళూరు వ్యాను వచ్చింది. గాజుతొట్లలో పెంచే రంగుచేపలు కొనే అంగడి మనిషి రామాంజినేయులు దిగాడు. పావగడ దిక్కు వాడే, బెంగళూరు వెళ్లి తెల్లచొక్కా తొడిగాడు. తొట్ల మీద కప్పిన కొబ్బరాకుల పందిరి కింద వంగి, ఒక్కో తొట్టీ చూసుకుంటూ నడిచాడు.

ఎనిమిది సిమెంటు తొట్లు. వాటి వెనక ఆదెప్ప చేను, మోకాలెత్తు ఎదగకుండానే ఎండిపోయిన చెనిక్కాయ కట్టె. వరసగా మూడేళ్లు విత్తనమైనా తిరిగి రాలేదు. బోరు రోజుకు గంటసేపు బొటనవేలి లావున పోస్తుంది. ఆ నీళ్లతో పైరు తడవదు గానీ తొట్లు నిండుతాయి. వలసలతో ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డ పోయిన యేడు అంజినమ్మ కూడా మూట కట్టుకుంటే, ఆదెప్ప వాకిట్లోకి వచ్చి, "నువ్వు యాడికీ పోవద్దు. చేపల పని ఉండాది, చేస్తువు రా" అని పిలిచాడు. ఆ పిలుపుతోనే ఆమె పొయ్యి వెలుగుతోంది. రోజూ మొదటి తొట్టిలో చెయ్యి పెట్టేముందు ఆమె మనసులోనే ఆయనకు ఒక దండం పెట్టుకుంటుంది.

"భలే రంగొచ్చినాయి ఆదెప్పా!" అన్నాడు రామాంజినేయులు. నీళ్లలో గప్పీలు, వేలి కణుపంత చేపలు, ఎర్రటి తోకలు విసనకర్రల్లా విప్పి తిరుగుతున్నాయి. "మూడు నెలలు కూడా నిండని పిల్లలంటే ఎవురు నమ్ముతారు?"

అంజినమ్మ వల ముంచి చేపలను పళ్లెంలోకి తీస్తోంది. "ఏమన్నా, వీటిల్లో ఆడవి యాడుండాయి? ముందైతే ఆడవి బూడిదరంగులో ఉంటాండె. ఇప్పుడన్నీ ఎర్రవే. రెండు నెలలాయ, ఏ తొట్లోనూ ఒక్క పిల్ల పుట్టలేదు."

"కొనేటోనికి రంగు కావాలమ్మా, కాన్పులు కాదు" అని నవ్వాడు.

"కొన్నోళ్ల ఇంట్లో ఎన్నాళ్లు బతుకుతాయి?"

"మా అంగడి గడప దాటేదాకా బతికితే సాలు."

వ్యానులోంచి రేకు డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టాడు. జేబులోంచి పాలిథిన్ కవరు తీసి కుడిచేతికి తొడుక్కుని, మందు పొట్లాలు ఒక్కొక్కటే తీసి పేర్చాడు. ప్రతిసారీ అంతే చేస్తాడు. ఆ పొట్లాల డబ్బా తను రోజూ ముట్టుకునేది కనుక, తన కులం అంటు అతనికి తగలకూడదని అట్లా చేస్తాడని అంజినమ్మ ఇన్నాళ్లూ అనుకుంది. అనుకుని ఊరుకుంది. అటువంటివి ఆమెకు కొత్త కాదు.

ఈసారి చూస్తూ నిలబడింది. అతను కవరును లోపలిది పైకి వచ్చేలా తిప్పి ఊడదీసి, దూరంగా కంపలోకి విసిరేశాడు. చెయ్యి రెండుసార్లు కడిగాడు. తర్వాత, "దప్పిగా ఉండాది, నీళ్లియ్యమ్మా" అన్నాడు. ఆమె చెంబు అందిస్తే ఆమె చేతిలోంచే తీసుకుని, అంచుకు నోరు పెట్టి గటగటా తాగాడు.

ఖాళీ చెంబు చేతిలో పట్టుకుని అంజినమ్మ అక్కడే నిలబడిపోయింది. అంటు కాదు. మరి కవరు దేనికి?

"శుక్రవారం మళ్లీ వస్తా ఆదెప్పా. బెంగళూర్లో ఎగ్జిబిషన్ ఉండాది, ఇప్పటికి రెండింతలు కావాల. ఒక్క మనిషి చేత్తో కాదు, ఇంకొకర్ని పెట్టు."

ఆదెప్ప ఇంటి దిక్కు చూశాడు. "చిన్నక్కను కూడా కూసోబెడతాలే. నీడపట్టున పనే కదా."

చిన్నక్క ఆయన కోడలు. మూడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది నిలవాలని తిమ్మక్క ఆ పిల్లను బిందె కూడా ఎత్తనివ్వడం లేదు.

వ్యాను పోయాక అంజినమ్మ చెత్తకుప్పలో వెతికి ఒక ఖాళీ పొట్లం పుల్లతో ఎత్తి, కవరులో చుట్టుకుంది. ఆదెప్ప దగ్గరకు పోయి నిలబడింది.

"అప్పా, రేపు పావగడ ఆస్పత్రికి పోయొస్తా. గొంతు సూపించుకోవల్ల."

"పో. చిన్నక్క సూసుకుంటాది."

"వద్దప్పా. నేనొచ్చి కలుపుతా. పొద్దుగూకేలోపు వచ్చేస్తా. ఆ యమ్మిని మాత్రం రానియ్యద్దు."

ఆదెప్ప ఆమెను వింతగా చూశాడు. ఎందుకని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఒక కోడి, ఒక కవరు. ఆయన అడగలేదు. "సరేలే" అన్నాడు.

పావగడ ఆస్పత్రిలో చీటీ రాయించుకుని వరుసలో నిలబడేసరికే పొద్దు నడినెత్తికి వచ్చింది. డాక్టరమ్మకు ముప్పై ఏళ్లుంటాయేమో, కళ్ల కింద నీడలు. టార్చి వేసి గొంతులోకి చూసింది.

"వాపు లేదు, పుండు లేదు. ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలమ్మా."

"ఇంకేమైనా ఇబ్బంది ఉందా?"

అంజినమ్మ వెనక్కి తిరిగి చూసింది. వరుస గుమ్మం అవతల ఉంది. గొంతు తగ్గించి ముట్టు సంగతి చెప్పింది, మొగుడు ఊళ్లో లేని సంగతీ చెప్పింది. కొంగు పక్కకు తీసి గడ్డం కింద మొలిచిన నాలుగు వెంట్రుకలు చూపించింది. డాక్టరమ్మ ఏదో రాసుకుంటోంది.

"అమ్మా, నవ్వొద్దు. ఒక మాట సెబుతా. మా ఆదెప్పోళ్ల పెట్ట కూసింది."

కలం ఆగింది. డాక్టరమ్మ నవ్వలేదు. "కూసిందా? గుడ్లు పెడుతోందా?"

"ఆపేసింది. తురాయి కూడా పుంజు మాదిరి లేసింది."

"అది ఏం తింటోంది?"

ఆ ప్రశ్న కోసమే మూడు రోజులుగా కాచుకుని ఉన్నట్టు అంజినమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కవరు విప్పి పొట్లం బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కలం కొనతో తిప్పి, మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదివింది. రెండోసారి చదివింది.

"దీన్ని నువ్వు ఉత్త చేత్తో కలుపుతున్నావా?"

"మూడు నెలలుగా. స్పిరిట్లో కరగబోసి."

"ఇది మగవాళ్ల ఒంట్లో ఊరే హార్మోను. ఫ్యాక్టరీలో తయారు చేస్తారు. జబ్బున్న మగవాళ్లకు మేం చీటీ రాసి, కొలిచి ఇస్తాం. చేపపిల్లలకు పెడితే ఆడదానికి కూడా మగ రంగు వస్తుంది, పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. నీ కోడికీ అదే, నీకూ అదే. స్పిరిట్లో కలిపితే చర్మంలోంచి లోపలికి దిగుతుంది."

"నాకు తగ్గుతాదా అమ్మా?"

"ముట్టుకోవడం మానేస్తే నెలసరి రెండు మూడు నెలల్లో వస్తుంది. రాకపోతే మళ్లీ నా దగ్గరికి రా. గొంతు మాత్రం మునుపటిలా అవుతుందని మాట ఇవ్వలేను." ఆగి అడిగింది. "ఇంకెవరైనా కలుపుతున్నారా?"

"ఇంగా లేదు. మా చిన్నక్కను కూసోబెడతామన్నారు. మూడో నెల ఆ యమ్మికి."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఆ అమ్మాయి చెయ్యి అందులో పడకూడదు. లోపల ఉన్నది ఆడపిల్ల అయితే పుట్టకముందే అవయవాల తీరు మారిపోవచ్చు." కర్ణాటక ఆస్పత్రి చీటీ మీద కన్నడంలో నాలుగు వరుసలు గబగబా రాసి, సంతకం చేసి, ముద్ర వేసింది. "ఇది మీ యజమానికి ఇవ్వు. ఇప్పుడే బయలుదేరు."

అంజినమ్మ రెండు చేతులూ జోడించింది.

"నాకెందుకమ్మా? కోడిని చూసి నీ ఒళ్లు నువ్వు పోల్చుకున్నావు. ఆ మాట చెప్పకపోయుంటే నేను దగ్గుమందు రాసి పంపేదాన్ని."

బస్సు గంటన్నర ఆలస్యంగా కదిలింది. నిడుగల్లు కొండ కనబడేదాకా అంజినమ్మ సీటు అంచునే కూర్చుంది. దిగీ దిగగానే చెప్పులు చేతబట్టుకుని చేలకు అడ్డంపడి పరుగెత్తింది.

పందిరి కింద చిన్నక్క పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందర బేసిన్, మోచేతుల దాకా ముద్ద. అంజినమ్మను చూసి నవ్వింది. "నీకు శ్రమ తగ్గిద్దామని నేనే వచ్చినాలే..."

అంజినమ్మ ఒక్క ఉదుటున వంగింది. బేసిన్ లాగి బోర్లా తిప్పేసింది. చిన్నక్క మణికట్టు పట్టుకుని లేపి బోరు తొట్టి దగ్గరకు ఈడ్చుకుపోయి, సబ్బు రాసి, ఎర్రబడేదాకా రుద్దింది.

"ఏమే, నీకు పిచ్చి పట్టిందా!" తిమ్మక్క అరుపుకు ఆదెప్ప కూడా చేలోంచి వచ్చాడు. నేల మీద ముద్ద చూశాడు, కోడలి చేతులు చూశాడు. మొహం నల్లబడింది.

"రేపు వ్యాను వస్తాది. దేనికి చేసినావు ఈ పని?"

అంజినమ్మ చీటీ చాపింది. ఆయన కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే ఆమె చెప్పుకుపోయింది. కోడి సంగతి, పుట్టని చేపపిల్లల సంగతి, చేతికి తొడిగిన కవరు సంగతి. తన సంగతి చెప్పాల్సి వచ్చేసరికి తల వంచుకుని చెప్పింది. తిమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోయి, ఇంకో బిందెడు నీళ్లు తెచ్చి కోడలి చేతుల మీద పోసింది. తర్వాత అంజినమ్మ చేతుల మీద కూడా పోసింది.

ఆదెప్ప చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తొట్ల దిక్కు, వాటి వెనక ఎండిన చేను దిక్కు చాలాసేపు చూశాడు.

"రేపట్నుంచి నువ్వు రావద్దు" అన్నాడు. ఆమె మొహం చూడకుండానే లోపలికి పోయాడు.

శుక్రవారం అంజినమ్మ ఇల్లు కదల్లేదు. తిమ్మక్క ఇచ్చేసిన పొట్టిపెట్ట వాకిట్లో తిరుగుతోంది. బియ్యం డబ్బా కదిపి చూసుకుంది. దాసన్న దగ్గరికి బెంగళూరు పోవాలంటే ఎవరిని తోడు అడగాలా అని ఆలోచించింది. ఆదెప్ప మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. కరువులో కూడు పెట్టిన మనిషి పంటను తన చేత్తోనే నేల పాలు చేసింది. వద్దనడంలో తప్పేముంది? కానీ ఆ పిల్ల చేతులు కడిగినందుకు మాత్రం ఎంత తడుముకున్నా మనసులో ఎక్కడా విచారం దొరకలేదు. పదకొండు గంటలకు వ్యాను హారన్ వినబడింది. ఎప్పుడూ గంటన్నర పట్టేది, పావుగంటకే తిరిగి పోతున్న చప్పుడు వినబడింది.

శనివారం పొద్దున ఆదెప్ప ఆమె వాకిట్లో నిలబడి ఉన్నాడు. పంచె మోకాళ్లదాకా తడిసి, బురద అంటింది.

"ఏమప్పా, ఈడికొచ్చినావు?" అంజినమ్మ చీపురు కింద పడేసింది. వాకిట్లో నులక మంచం వాల్చింది. ఆయన కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"నిన్న వాడొచ్చినాడు. ఏమీ తిట్టలేదు. బేసిన్లో చెక్కపొడి, తవుడు, వాడిచ్చిన మందు అన్నీ పోసి వాని ముందర పెట్టినా. 'కలపప్పా' అన్నా. జేబులో చెయ్యి పెట్టి కవరు తీసినాడు. 'అది వద్దు. మా కోడలు ఎట్ల కలిపిందో అట్ల కలుపు' అన్నా."

"కలిపినాడా?"

"యాడ? 'నాకు అలవాటు లేదు' అంటాడు. 'అలవాటు మా అంజినమ్మకు మాత్రం పుట్టుకతో వచ్చిందా' అని అడిగినా. డబ్బా వాని వ్యాన్లోనే పెట్టి పంపించేసినా. ఇంగ రావద్దని చెప్పినా."

అంజినమ్మ గుంజ పట్టుకుని నిలబడింది.

"వాడు పోయినాక నేనూ మావాడూ తొట్లన్నీ ఎత్తిపోసినాం. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకోని, అడుగున పేరుకున్న మడ్డి అంతా గుంత తవ్వి పూడ్చినాం. తెల్లారేసరికి అయిపోయింది. ఆ నీళ్లలో నీ చెయ్యి పడగూడదనే నిన్ను రావద్దంటి. ఆ పొద్దు సరిగ్గా సెప్పల్యా. నోరు రాలేదు."

ఒకటిన్నర దినం మూసిపెట్టుకున్న దుఃఖం అప్పుడొచ్చి కొంగు తడిపింది.

"యేడాదిగా నేనేదో నీకు కూడు పెడతాండానని అనుకుంటాంటి" అన్నాడు ఆదెప్ప. "నా ఇంటి బిడ్డను నువ్వు కాచినావు. ఇది ఎట్ల తీరుస్తానో నాకు తెలీదు, అంజినమ్మా. మా ఇంటామె ఈపొద్దు నీకు అన్నం వండి పెట్టుకోని కూసోనుండాది. రాకపోతే తానే వస్తానంటాది."

ఇద్దరూ కలిసి చేల మీదుగా నడిచారు. కడిగిన తొట్ల అడుగున కొత్త నీళ్లు మెరుస్తున్నాయి. గట్టు మీద రెండు పెద్ద గంగాళాల్లో ఎర్ర చేపలు తిరుగుతున్నాయి.

"వీటిని వేరే సేటుకు అమ్మేదా అని మావాడు అడిగినాడు" అన్నాడు ఆదెప్ప. "కొన్నోని ఇంట్లో రంగు పోయి సస్తాయి. పిల్లోళ్లు ఏడుస్తారు. నాకు మనసొప్పలేదు. ఏం చేద్దాం?"

ఏం చేద్దామని ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. దాసన్న కూడా అడగలేదు. అంజినమ్మ గంగాళం మీదికి వంగి చేపలను చూసింది.

"ఉన్నన్నాళ్లు సాకుదామప్పా. అవేం తప్పు చేసినాయి? ఒక తొట్లో ఉంటాయిలే."

"మరి కడమ ఏడింటికి?"

"ఇట్ల రా" అని ఆమె బోరు వెనక్కి దారి తీసింది. అక్కడ పశువులు నీళ్లు తాగే రాతి తొట్టి ఉంది. పశువులను సంతకు తోలినప్పటినుంచి దాని దిక్కు ఎవరూ పోలేదు. మందు రాకముందు, రంగు లేవని రామాంజినేయులు ఏరి పారేసిన పిల్లలను చంపబుద్ధిగాక ఆమె అందులో వదిలింది. ఎప్పుడన్నా ఒక చెంబు నీళ్లు పోయడం తప్ప వాటికి ఏ మేతా వేయలేదు.

ఆదెప్ప వంగి చూశాడు. పచ్చటి పాచి మీద పొద్దుటి ఎండ పడుతోంది. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత ఒక తోక విచ్చుకుంది, ఎర్రమన్ను తడిసిన రంగు, అంచున నీలం. దాని వెనక ఇంకొకటి, పసుపు. వాటి మధ్య బూడిదరంగు ఆడచేపలు నిండు పొట్టలతో నెమ్మదిగా తిరుగుతున్నాయి. పాచి అంచున, జీలకర్ర గింజలంత, లెక్కకు అందనన్ని పిల్లలు.

"వీటికేం పెట్టినావు?"

"నేనేం పెట్టలేదు. పాచి తిన్యాయి, దోమపిల్లల్ని తిన్యాయి. రంగు దానంతటదే వచ్చింది. కానీ తొందరగా రాదప్పా. నాలుగు నెలలు పడుతుంది."

ఆదెప్ప రాతి అంచు మీద కూర్చుండిపోయాడు. నీళ్లలోకి అట్లాగే చూస్తూ, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"నాలుగు నెలలా? చెనిక్కాయకైనా అంతే గదమ్మా" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "యా తొట్టితో మొదలుపెడదాం, నువ్వే చెప్పు."